సముద్రానికి పురుడు

నా భార్య నాచమను రాయిగా మార్చిన మాంత్రికుడి ఇంటికి నేను సరుకు కొనే వర్తకుడిలా వెళ్లాను. పగతో వెళితే నన్నూ రాయి చేసేవాడు. ఏడుస్తూ వెళితే గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. కొనేవాడికైతే ఎంతటి దుర్మార్గుడైనా పీట వేస్తాడు. నా పేరు మాచిశెట్టి. సముద్ర వ్యాపారంలో తల నెరిసినవాణ్ణి. నేను నేర్చిన యుద్ధవిద్య బేరమొక్కటే.

ఆ మాంత్రికుడి పేరు జలకంటకుడు. వాడి నివాసం సున్నపుగిరి. దూరం నుంచి చూస్తే నడిసముద్రంలో ఎవరో మల్లెపూలు రాశిపోసినట్టు ఉంటుంది. దగ్గరికి పోతే కళ్లు మండుతాయి. ఆ కొండ మీద చెట్టు లేదు, గరిక లేదు, పిట్ట వాలదు. చుట్టూ బట్టీలు, బట్టీల నోళ్లలో ఎర్రని జ్వాలలు, ఆ జ్వాలల్లో చిటపటలాడుతూ పగడపు కొమ్మలు. వేలాపురి రాజుగారికి వెన్నెలను మించిన తెల్లని మేడ మీద మనసు పడింది. పగడాన్ని కాల్చి తీసిన సున్నానికి సాటి లేదని జలకంటకుడు నూరిపోశాడు. ఓడలకు ఇనుప గొర్రులు కట్టి సముద్రం అడుగున ఉన్న పగడపు దిబ్బలన్నీ పెకలించి కొండకు చేర్చాడు. మేడ లేచింది. సముద్రం బోడిదైంది. చేపకు ఇల్లు లేదు, గుడ్డుకు చాటు లేదు, అలకు అడ్డు లేదు. ఎవరికి లాభం వచ్చిందో ఎవరు నష్టపోయారో ఆ లెక్క రాజసభలో ఎవరూ అడగలేదు.

నాచమ అడిగింది. వేలాపురి రేవులో మా ఓడ లంగరు వేసి ఉన్నప్పుడు జలకంటకుడు తన సున్నం కేరళాంతక ద్వీపానికి చేరవేయమని అడగడానికి వచ్చాడు. నాచమ ఓడ పైతట్టున బాసింపట్టు వేసుకుని, ఒళ్లో మిరియాలు పోసుకుని తాలు ఏరుతోంది. తల ఎత్తకుండానే, "సముద్రం ఎముకలు కాల్చి అమ్ముతావు. ఆ సరుకు మా ఓడ ఎక్కదు. వేరే ఓడ చూసుకో" అంది. వాడు గుప్పెడు బూడిద తీసి ఊదాడు.

ఆ సమయంలో నేను ఓడ అడుగున నీళ్లలో ఉన్నాను. సముద్రంలో తిరిగే ఓడకు అడుగున గుల్లలు పడతాయి. ఆ గుల్లలు పట్టిన ఓడ గర్భిణిలా నెమ్మదిస్తుంది. అందుకే వర్తకులందరం పలకలకు నల్లజీడి తారు పూస్తాం, దాన్ని కూడా లెక్కచేయని మొండి గుల్లలను గీకి పారేస్తాం. గీకడం పూర్తిచేసి నేను పైకి వచ్చేసరికి తారు కుంచెలు పట్టుకున్న నావికులందరూ రాళ్లు. ఒడి నిండా మిరియాలతో నా భార్య రాయి. తిట్టు సగంలో ఆగిపోయిన పెదవులు రాయి.

అదీ జరిగింది. ఇప్పుడు జనపనార గడ్డం అంటించుకుని, పరదేశపు తలపాగా చుట్టుకుని నేను వాడి ఎదుట పీట మీద కూర్చున్నాను. నాచమనూ, నావికులనూ వాడు మా ఓడ మీది నుంచి ఎత్తించుకొచ్చి బట్టీల ముంగిట వరసగా పెట్టుకున్నాడు. ఆ వైపు చూడకుండా ఉండడానికి నాకున్న వ్యాపార నిగ్రహమంతా ఖర్చయింది.

"ఏం కావాలిరా నీకు?" అన్నాడు జలకంటకుడు. వాడి గొంతు సున్నపురాయి మీద నీళ్లు పోసినట్టు బుసకొట్టింది.

"బొమ్మలు కొనేవాణ్ణి సామీ. మా దొర తోటలో పెట్టుకోవడానికి వెతుకుతున్నాను. మీ ముంగిట ఉన్నవి చూశాను. పనితనం పరవాలేదు."

"పరవాలేదా! కనురెప్ప వెంట్రుకలు కూడా కనిపిస్తుంటే పరవాలేదంటావా, గుడ్డివాడా!"

"కోప్పడకండి. ముఖాలు మరీ దిగులుగా ఉన్నాయి. ఆ కూర్చున్న ఇల్లాలైతే ఎవరినో చీవాట్లు పెట్టబోతున్నట్టుంది. తోటలో పెడితే మా దొర భోజనం చేయగలడా?"

మాంత్రికుడు నవ్వాడు. నవ్వాడంటే సరుకు అమ్మదలచుకున్నాడని అర్థం. నేను గొంతు తగ్గించాను. "అసలు ఇబ్బంది వేరే ఉంది. ఇవి మంత్రపు బొమ్మలని మా దొర చెవిన పడింది. రేపు ఆయన పూలు కోసుకుంటుంటే బొమ్మ లేచి పలకరిస్తే నా తల పోతుంది. ఇవి ఎన్నటికీ మనుషులు కావని పూచీ ఇవ్వాలి."

ఏది కావాలో దాన్ని అడిగితే ఎవరూ చెప్పరు. దానికి తలకిందులుగా అడిగితే అమ్మేవాడు తన సరుకు గట్టిదని చూపించుకోవడానికి గుట్టంతా విప్పుతాడు. జలకంటకుడూ అమ్మేవాడే.

"పిచ్చివాడా, విను! ఈ రాళ్ల మీద సముద్రం తనంతట తానే సంసారం పెట్టాలి. ఎవరో చేత్తో తెచ్చి అంటించింది పనికిరాదు. రంగులు పట్టాలి, గుల్లలు మొలవాలి, ఆఖరికి చేప వచ్చి వీళ్ల ఒంటి మీద గుడ్లు పెట్టాలి. ఆ గుడ్లు ఉండగా అయినవాళ్లెవరో నుదుట చెయ్యి వేయాలి. ఆ చెయ్యి తీయకుండా గాలిలోకి తేవాలి. అప్పుడు గదా మనుషులయ్యేది! ఈ చుట్టుపట్ల సముద్రంలో చేప అనేది ఉంటేగా గుడ్డు పెట్టడానికి? దాని ఇళ్లన్నీ నేనే తగలబెట్టాను."

"అయితే గట్టి సరుకే" అన్నాను. నా గుండె చప్పుడు వాడికి వినబడకుండా గట్టిగా దగ్గాను.

ధర దగ్గరికి వచ్చేసరికి వాడు నా నీడ అడిగాడు. చెట్టు లేని కొండ మీద ఎండకు తాళలేక వాడు మనుషుల నీడలు పోగేసి, ఒకదానికొకటి కుట్టి పందిరి వేసుకున్నాడు. తల ఎత్తి చూస్తే పందిరి నిండా ఎవరెవరివో భుజాలు, పాగాలు, కొప్పులు గాలికి కదులుతున్నాయి. నీడతో నేను ఎన్నడూ వ్యాపారం చేయలేదు గనుక దాని విలువ నాకు తెలియలేదు. సరే అన్నాను. వాడు నా మడమల దగ్గర కత్తెర ఆడించాడు. నొప్పి లేదు. నడుస్తున్నప్పుడు వెంట ఎవరో రావడం మానేసినట్టు మాత్రం అనిపించింది.

వాడి బానిసలు రాతి మనుషులను ఒక సరుకు పడవలోకి ఎక్కించారు. అడుగున కొన్ని సున్నపు బస్తాలు ఉంటే వాటినీ అలాగే వదిలేశారు. తెరచాప ఎత్తాను. గిరి కనుమరుగవుతోందనగా వెనక ఆకాశం చిరిగినట్టు అరుపు వినిపించింది.

నా నీడే నన్ను పట్టిచ్చింది. పందిరికి కుట్టగానే అది ఊరుకోలేదట. నాచమ కూర్చుని ఉన్న చోటు వైపు, ఆమె పడవ ఎక్కాక పడవ వైపు, చేతులు చాచి లాగసాగిందట. జలకంటకుడికి సంగతి అర్థమైంది. వాడు గండభేరుండాన్ని వదిలాడు. రెండు తలలు, నాలుగు కళ్లు, ఓడ తెరచాపలంత రెక్కలు. దాని రెక్కల గాలికే తెరచాప కొయ్య ఫెళ్లున విరిగింది. ఒక ముక్కు నా తలపాగాను ఎగరేసుకుపోయింది, రెండో ముక్కు నాచమ భుజం మీద దిగింది. నేను బస్తా చించి సున్నం దాని ముఖాల మీద చల్లి, వెంటనే కుండెడు నీళ్లు విసిరాను. సున్నం కుతకుత ఉడికింది. పక్షి నాలుగు కళ్లూ పొగలు కక్కాయి. అది గుడ్డిదై గిరగిర తిరిగి నేరుగా పడవ మీద కూలింది. పడవ నడుము విరిగింది. పక్షీ, పలకలూ, రాతి మనుషులూ అందరూ ఒక్క గుటకలో సముద్రంలో కలిశారు. నేను ఒక చెక్క పట్టుకుని తేలాను.

జలకంటకుడు కొండ మీది నుంచి చూశాడేమో తెలియదు. చూసి ఉంటే సంతోషించే ఉంటాడు. చచ్చిన సముద్రంలో మునిగిన రాయి వల్ల వాడికేం భయం?

పడవ మునిగింది ఉల్లంక దీవి ఎదుట, మనిషి ఊపిరి బిగబట్టి అడుగు ముట్టగలిగినంత లోతులో. నా జీవితంలో అదృష్టం ఉచితంగా ఇచ్చిన సరుకు అదొక్కటే.

ఉల్లంకలో చేపలు పట్టుకుని బతికేవాళ్లు ఉంటారు. అప్పటికి వాళ్లు పేరుకే అలా బతుకుతున్నారు. వలలు ఎండి పోగుల్లా వేలాడుతున్నాయి. పిల్లలు నాచు ఉడకబెట్టుకుని తింటున్నారు. ఏటికేడు అలలు ఒక ఇంటి వరసను తినేస్తున్నాయి. నేను ఒడ్డుకు ఈది నిలబడ్డాను. మధ్యాహ్నపు ఎండ. జనం నా ముఖం చూడలేదు, నా కాళ్ల దగ్గర ఇసుకను చూశారు. అక్కడ నీడ లేదు. ఒకరు కేక పెట్టారు, అందరూ రాళ్లు అందుకున్నారు.

దీవికి దూరంగా ఒక ఇసుకతిన్నె ఉంది. అక్కడే కాపురం పెట్టాను. గుడిసె వేసుకున్నాను, వాన నీళ్లు పట్టుకున్నాను. పగలంతా మునగడం, తేలడం. నీళ్ల అడుగున నా వాళ్లు ఎక్కడపడితే అక్కడ ఒరిగి, సగం ఇసుకలో కూరుకుపోయి ఉన్నారు. ఆటు వేళ ఒక్కొక్కరికి తాడు కట్టి తెప్పకు బిగిస్తే, పోటు వచ్చినప్పుడు నీరే వాళ్లను పైకి లేపేది. కదిపి కావలసిన చోట దింపేవాణ్ణి. నాచమ కూర్చుని ఉన్న రాయి గనుక నిలకడ ఎక్కువ. ఆమెను మధ్యలో ఉంచి, మిగిలినవాళ్లను ఆమె భుజాలకు, వీపుకు ఆనించి నిలబెట్టాను. మనిషికీ మనిషికీ నడుమ సందు వదిలాను. సంతలో దుకాణాల మధ్య దారి లేకపోతే జనం లోపలికి రారు. చేపలూ అంతేననుకున్నాను.

ఒక ఏడాది గడిచింది. ఒక్క నాచు పోగు మొలవలేదు.

ఆ ఏడాది సంగతి రాయడానికి ఎక్కువ లేదు. మాట్లాడడానికి ఎవరూ లేరు. మొదట్లో పైకి వచ్చినప్పుడల్లా ఆ రోజు సంగతులు గట్టిగా చెప్పుకునేవాణ్ణి, నాచమ వింటున్నట్టు. తర్వాత నా గొంతు నాకే కొత్తగా వినబడి మానేశాను. సాయంత్రాలు దీవి మీద పొయ్యి పొగలు లేచేవి. ఏ పొగ ఏ ఇంటిదో, ఏ ఇంటి పొగ ఆలస్యమైందో నాకు తెలిసిపోయేది. ఆ ఇళ్లలో ఎవరికీ నా పేరు తెలియదు. ఇసుకలో నా అడుగుల జాడలుండేవి, వాటి పక్కన ఏమీ ఉండేది కాదు. నీడ ధర అప్పుడు తెలిసింది. చాలా చవకగా అమ్మాను.

ఒక ఉదయం ఒక పడవ నా తిన్నె వైపు వచ్చింది. అందులో ఉన్న ముసలామె దిగలేదు. తెడ్డు అడ్డంగా పట్టుకుని కూర్చుంది. ఆమె ఉల్లంక పెద్ద, పోలమ్మ.

"ఏయ్, దెయ్యమా! నీకు మాటలొచ్చా?"

"వస్తాయమ్మా. దెయ్యాన్ని కాదు, శెట్టిని."

"రెండూ ఒకటే మాకు" అంది పోలమ్మ. "ఏడాదిబట్టి సూస్తన్నాను. పొద్దుగూకులూ ములుగుతావు, తేలుతావు. మాకు నేని సేపలు నీకేటి దొరుకుతున్నాయి కింద?"

ఏడాది తర్వాత నాతో ఒక మనిషి మాట్లాడింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె సాంతం విని, చెయ్యి నీళ్లలో ముంచి వాసన చూసుకుంది.

"సెట్టీ, నీ పడవకేటి పూసినారు?"

"నల్లజీడి తారు."

"నీ మనుసులు ఏటి సేస్తా రాయైపోనారు?"

"ఓడకు తారు పూస్తూ..." అన్నాను.

పోలమ్మ పడవ ఊగిపోయేలా నవ్వింది. "గుల్ల రాకుండా మందు పూసుకుని, గుల్ల కోసం ఏడాది కూకున్నావా! ఓరి నీ యాపారం సల్లగుండ!"

బతుకంతా గుల్లలను శత్రువులుగా చూసినవాడు చేసే తప్పే నేను చేశాను. నావికుల చేతులకు, బట్టలకు తారు. వాళ్ల చుట్టూ పడి ఉన్న పడవ పలకల నిండా తారు. ఇల్లంతా విషం పూసి అతిథుల కోసం ఎదురుచూశాను. నాకూ నవ్వు వచ్చింది. నవ్వాక ఏడుపు వచ్చింది. పోలమ్మ అప్పుడు పడవ దిగింది. నా పక్కన కాదు, కొంచెం ఎడంగా కూర్చుంది.

అక్కడే బేరం కుదిరింది. తారు పలకలన్నీ లాగి ఒడ్డుకు తేవడానికి ఉల్లంక మనుషులు సాయం చేస్తారు. దిబ్బకు ప్రాణం వచ్చినాక దాని చుట్టూ పెరిగే చేపలు ఉల్లంక వాళ్లవి. అయితే పోలమ్మ ఒక షరతు పెట్టింది.

"మా తాతల నాడు తాటిమట్టలూ సెట్ల కొమ్మలూ కట్టగట్టి రాళ్లేసి ముంచీవోరు, సేపలు గూడెట్టుకోడానికి. ముంచిన కాడ సముద్రానికి పురుడు పట్టీవోరు. గడకట్టి ఏపమండలు కట్టీవోరు. పురిటింటికి ఎవులూ ఎల్లరు గదా, అలగే. పిల్లలై తిరిగీదాకా వల ఎయ్యకూడదు, గాలమెయ్యకూడదు, ఏదీ పైకి తియ్యకూడదు. ఎవులైనా సరే. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నాను" అన్నాను. నాకు కావలసింది నాచమ. చేపలు ఎవరివైతేనేం అనుకున్నాను. 'ఎవరైనా సరే' అన్న మాటలో నేనూ ఉన్నానని తెలిసే ఒప్పుకున్నాను, అప్పటికి అది దూరంలో ఉంది గనుక.

పలకలు తీసేశాం. నేను ఒక్కొక్కరినీ కొబ్బరిపీచుతో, ఇసుకతో రుద్దాను. వేళ్ల సందులు, చెవుల వెనక, బొడ్డు ముడులు. పసిపిల్లలకు పోసినట్టు నా నావికులకు నీళ్ల అడుగున స్నానం చేయించాను. నాచమను చివర రుద్దాను, ఎక్కువసేపు. చుట్టూ గడకర్రలు తేలకట్టి పోలమ్మ వేపమండలు వేలాడదీసింది.

మొదట జిగురు వచ్చింది. తర్వాత ఆకుపచ్చని నూగు. తర్వాత ఒక రోజు మా ఓడ సరంగు సింగన మోకాలి మీద ఒక గుల్ల, నా గోరంత. ఎన్ని ఓడల అడుగున ఎన్ని లక్షల గుల్లలను గీకానో, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఆపైన సముద్రం తన సంతను తానే పెట్టుకుంది. నావికుల భుజాల మీద పగడం చిగురించింది. ఎర్రనిది, పసుపుది, లేత వంకాయ రంగుది. పాగాల మడతల్లో ఆల్చిప్పలు నోళ్లు తెరిచాయి. సముద్రపు పూలు వేళ్లు చాచి ఊగాయి. కుంచె పట్టిన ఒకడి పిడికిట్లో రొయ్య కాపురం పెట్టింది. నోరు తెరిచి రాయైపోయిన వంటవాడి నోట్లోంచి పీత ఒకటి వచ్చిపోయేవాళ్లను అజమాయిషీ చేసేది. కవళ్లనే చిన్న చేపలు వెండి రేకుల్లా గుంపులుగా వచ్చాయి. వాటిని తినడానికి వంజరాలు వచ్చాయి. నాకు నీడ లేదు గనుక ఏ చేపా నన్ను చూసి బెదరలేదు. నా చంకల కిందుగా, చెవుల పక్కగా తిరిగేవి. దిబ్బకు తగిలి అలలు మెత్తబడ్డాయి. ఆ వానకారులో ఉల్లంకలో ఒక్క ఇల్లూ కూలలేదు.

అంత సందడిలోనూ మాట్లాడేది ఒక్కటీ లేదు. పైకి వస్తే మళ్లీ గుడిసె, ఇసుక, దూరాన పొగలు.

నాచమ ఒడిలో గుడ్లు కనిపించిన ఉదయమే సముద్రం అంచున తెరచాపలు కూడా కనిపించాయి. బూడిద రంగు గుడ్డ మీద తెల్లని కొండ గుర్తు. మధ్యలో పెద్ద ఓడ, అటూ ఇటూ గొర్రు ఓడలు. ఉల్లంక దగ్గర నీళ్ల అడుగున మళ్లీ రంగులు తిరుగుతున్నాయని ఎవరో చెప్పి ఉంటారు. జలకంటకుడు పగడం కోతకు వస్తున్నాడు.

పోలమ్మ పడవ వేసుకుని నా దగ్గరికి వచ్చింది. నేను అప్పటికే తాడు నడుముకు చుట్టుకుంటున్నాను.

"ఏటి సేస్తన్నావు సెట్టీ?"

"నాచమను తెచ్చుకుంటున్నాను. గొర్రు వచ్చిందంటే రాయి పగులుతుంది. ఇప్పుడు గుడ్లు ఉన్నాయి. ఇప్పుడైతేనే వస్తుంది."

"ఆమె కదిలితే ఆమె మీద ఆనుకున్నోళ్లందరూ కూలిపోరా? ఆ గూళ్లూ, గుడ్లూ, ఆ సిన్న సేపలూ?"

నేను తాడు ముడి వేసుకున్నాను.

"పురుడు తీర్నేదు" అంది పోలమ్మ. గొంతు పెంచలేదు. "మాటిచ్చినావు. మా గుంటలు వలలు ముట్టుకోకుండా ఆకలికి ఓర్సుకున్నారు, నీ మాట మీద."

"నా మనిషి తల్లీ! నా మనిషి ఒక్కతే!"

"నీకొక్కతే. నాకు దీవెడు మంది."

మాట తప్పిన వర్తకుడితో ఎవరూ వ్యాపారం చేయరని నాకు తెలుసు. తెలిసీ దూకాను. బతుకులో మొదటిసారి, కుదిరిన బేరాన్ని కాలదన్నాను.

కిందికి దిగాను. ఒడి నిండా నారింజ రంగు గుడ్లు, ఒకప్పుడు మిరియాలున్న చోటే. ఒక చిన్న చేప వాటిని తోకతో విసురుతూ కాపలా కాస్తోంది. నాచమ నుదుటి మీద నా చెయ్యి వేశాను. చల్లని రాయి. తర్వాత చల్లని చర్మం. తర్వాత వేడి. కనురెప్పల మీది నాచు కదిలింది. కళ్లు తెరిచింది.

నన్ను చూసింది. గుర్తుపట్టింది. ఆ చూపు కోసం నేను ఏది కావాలన్నా మళ్లీ ఇచ్చేవాణ్ణి.

ఆమె రెండు చంకల కిందా చేతులు వేయాలి, కానీ ఒక చెయ్యి నుదుటి మీద నుంచి తీయకూడదు. ఒంటి చేత్తో నడుము పట్టి లేపబోయాను. భుజానికి ఆనిన సింగన రాయి కరకరమంది. పగడపు కొమ్మ ఒకటి విరిగి తేలిపోయింది. పక్కనున్న పిల్లచేపలు చెల్లాచెదురయ్యాయి. కాపలా చేప మాత్రం కదలలేదు. నా మణికట్టును పొడిచింది.

నాచమ కిందికి చూసింది, తన ఒడిలోకి. తర్వాత భుజాల మీదికి, ఆనుకుని ఉన్న మనుషుల మీదికి, వాళ్ల మీద పెరిగిన దాని మీదికి. పైన తేలుతున్న వేపమండల వైపు చూసింది. ఆమె లెక్క ఎప్పుడూ నాకంటే ముందే తేలేది. సరుకు చూసి నేను ధర కట్టేలోపు ఆమె బేరం ముగించి లేచేది.

ఆమె తన చెయ్యి ఎత్తి నా చేతి మీద వేసింది. నా వేళ్లను ఒక్కొక్కటే తన నుదుటి మీద నుంచి విప్పింది. నేను గింజుకున్నాను. ఆమె పట్టు నాకంటే గట్టిది. చివరి వేలు విప్పే ముందు దాన్ని ఒక్కసారి నొక్కింది. ఆ తర్వాత చెయ్యి వదిలి, అరచేతులు రెండూ ఒడి చుట్టూ దాపుగా పెట్టుకుంది. కళ్లు తెరిచే ఉంచింది. ఆ కళ్లు అలాగే రాయయ్యాయి.

ఊపిరి చాలక పైకి వచ్చాను. పోలమ్మ పడవ అక్కడే ఉంది. నా ఒట్టి చేతులు చూసింది. తెడ్డు అందించింది, నేను పట్టుకుని ఎక్కాను. తన పైటచెంగుతో నా తల తుడిచింది. నీడలేని నన్ను ఒక మనిషి ముట్టుకోవడం అదే మొదటిసారి.

"పడవ నాకియ్యి" అన్నాను.

"ఏటికి?"

"కొనేవాడు వస్తున్నాడు. ఎదురెళ్లాలి."

"నీ కాడ ఏటుందని అమ్ముతావు సెట్టీ? గోసీ తప్ప నేదు నీకు."

ఆమె వెనకే వచ్చిన తన మనుషుల పడవలోకి మారింది. నేను ఒక్కణ్ణే తెడ్డు వేసుకుంటూ వేపమండలు దాటి బయటి నీళ్లలోకి వచ్చాను. ముందున్న గొర్రు ఓడ గొలుసు వదలడం మొదలుపెట్టింది. ఇనుప పళ్లు నీళ్ల మీద మెరిసి మునిగాయి. గొలుసు గరగరమంటూ జారుతోంది. ఇంకొంచెం ముందుకు వస్తే దిబ్బ.

నేను పడవను గొర్రుకూ దిబ్బకూ నడుమ అడ్డంగా నిలిపాను. పెద్ద ఓడ అంచున నీడల పందిరి కింద జలకంటకుడు నిలబడి ఉన్నాడు. నా కాళ్ల దగ్గరికి చూశాడు. గుర్తుపట్టాడు.

"నువ్వా! నా సరుకు దొంగిలించి నీళ్లలో పారేసినవాడివి!"

"దొంగతనం కాదు సామీ, ధర ముట్టజెప్పి కొన్నాను. సరుకు నాది. దాని మీదికి గొర్రు తోలడం వ్యాపార ధర్మం కాదు."

"ధర్మం నాకు చెప్పకు. అడ్డం తొలగు, లేదా నువ్వూ అడుక్కి పో!"

గొలుసు ఇంకా జారుతోంది. పడవ అడుగున దాని వణుకు తెలుస్తోంది. నేను తెడ్డు పడవలో పడేసి, నిటారుగా నిలబడి, కొనేవాడి ముందు ఏనాడూ దాచుకోని చిరునవ్వు తెచ్చుకున్నాను.

"అడుగున ఉన్న పగడం ఎంత? నీకు నెల రోజుల సున్నం. అంతకు వెయ్యి రెట్లు విలువైనది ఒకటుంది. అది ఎక్కడుందో చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే. గొర్రు దింపావంటే నేను మునిగిపోతాను, నాతోపాటు ఆ సంగతీ మునిగిపోతుంది. ముందు గొలుసు ఆపించు. ధర తర్వాత మాట్లాడుకుందాం."

పందిరిలో ఒక మూల నా నీడ, కుట్లు తెంచుకుంటున్నట్టు గుంజుకుంటోంది. మాంత్రికుడు చెయ్యి ఎత్తాడు.

గొలుసు చప్పుడు ఆగింది.

పైనుంచి తాడు నిచ్చెన నా పడవలోకి జారింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టాను, రెండో మెట్టు అందుకున్నాను. వాడికి ఏం అమ్మబోతున్నానో అప్పటికింకా నాకే తెలియదు.